లోదెబారు నుంచి వచ్చిన కుక్క

దావీదు రాజు బల్ల దగ్గర రోజూ భోజనం చేసేవాళ్లలో ఒక కుంటివాడుండేవాడు. పేరు మెఫీబోషెతు. యోనాతాను కొడుకు, సౌలు మనుమడు. లోదెబారు అనే మారుమూల చోట ఎవరి పంచనో తలదాచుకున్నవాణ్ణి దావీదు వెతికించి మరీ రప్పించుకున్నాడు (2 సమూయేలు 9వ అధ్యాయం). రాజు ముందు సాగిలపడి అతడు తనను తాను దేనితో పోల్చుకున్నాడో గుర్తుందా? చచ్చిన కుక్కతో! కృప గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా నేను మెఫీబోషెతును లాక్కొచ్చేవాణ్ణి. మా సంఘంలో ఆ అధ్యాయం మీద కనీసం నాలుగుసార్లు వాక్యం చెప్పి ఉంటాను. కానీ కుక్కతో పోల్చుకోవడమంటే ఏమిటో నాకు కాస్తయినా అర్థమైంది మాత్రం 2024 నవంబరులో, పదేళ్ల ముసలి కుక్క ఒకటి మా ఇంటికి వచ్చాకే.

మా ఇల్లు విశాఖలో మల్కాపురం. పోర్టులో పనిచేసి రిటైరయ్యాను. పిల్లలిద్దరూ పెళ్లిళ్లయి వెళ్లిపోయారు. ఇంట్లో ఒక కుక్క ఉంటే బాగుంటుందన్నది నేను, వద్దన్నది మా ఆవిడ. చివరికి ఇద్దరం కలిసి దిక్కులేని జంతువులను ఉంచే ఒక షెల్టరుకు వెళ్లాం. గేటు తీయగానే కుక్కపిల్లలన్నీ మీదికి ఎగబడ్డాయి. ఒక్కటి మాత్రం చివరి గదిలో గోడకు వీపు ఆనించి కూర్చుని, మా వంక చూసి తల తిప్పేసుకుంది. గోధుమరంగు నాటు కుక్క. మూతి దగ్గర వెంట్రుకలు నెరిసిపోయాయి. ‘‘అది వద్దు సార్, ముసలిది. అన్నం గిన్నె దగ్గరికి వెళ్తే కరవడానికి వస్తుంది. ఏడాదిగా ఎవరూ అడగలేదు’’ అంది అక్కడ పనిచేసే అమ్మాయి. అదే కావాలన్నాను. దయతో అన్నానని ఆ రోజు అనుకున్నాను. నిజం చెప్పాలంటే అందులో సగం గర్వం! ఎవరికీ అక్కర్లేనిదాన్ని నేను తెచ్చుకున్నానని రేపు పదిమందికీ చెప్పుకోవచ్చు కదా అన్న ఆశ.

పేరు జిమ్మీ. దాని కథ మాకు కొంత ఆ అమ్మాయి చెబితే, మిగతాది తర్వాత ఉక్కునగరంలో ఉండే ఒక మిత్రుడి ద్వారా తెలిసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసిన సంగతి మనలో ఎవరం మరచిపోగలం? ఆ మర్నాడు కూలిపోయిన చెట్టు కింద తడిసి వణుకుతున్న కూనను స్టీలుప్లాంటు ఉద్యోగి ఒకాయన క్వార్టరుకు తెచ్చుకున్నాడు. ఆయన భార్య అప్పటికే చనిపోయింది. కొడుకులు విదేశంలో. ఆయనా, కుక్కా. బి షిఫ్టు ఉన్న వారాల్లో ఆయన ప్లాంటు నుంచి ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర అయ్యేది. అప్పటిదాకా జిమ్మీ గేటు దగ్గరే నిలబడేదట. 2021లో ఆయన రిటైరై గాజువాక వైపు ఇల్లు తీసుకున్నాడు. 2023లో గుండెపోటుతో పోయాడు. కొడుకులు వచ్చారు, కార్యక్రమాలు జరిపించారు, ఇల్లు అమ్మారు, కుక్కను షెల్టరులో వదిలి విమానం ఎక్కారు. వాళ్లను తిట్టాలని నాకు లేదు. రోడ్డు మీద వదలకుండా షెల్టరు దాకా తీసుకెళ్లారు, అదీ ఒక మేలే. ఆకలికి, దాహానికి అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం శిక్షార్హమైన నేరం. అది తెలియక కొందరూ, తెలిసీ కొందరూ ఆ పనే చేస్తున్నారు.

ఇక మా ఇంట్లో సంగతి. తెచ్చిన మొదటి మూడు రోజులూ అది మంచం కిందనుంచి బయటికి రాలేదు. తర్వాత వచ్చింది కానీ, రాకపోతేనే నయమనిపించింది! మా ఆవిడ చీపురు ఎత్తితే చాలు, పళ్లు బయటపెట్టేది. ఆ చీపురు వెనక ఏ జ్ఞాపకం ఉందో దేవుడికి తెలియాలి. గిన్నెలో అన్నం వేసి ఎవరైనా అటు నడిస్తే గుర్రుమనేది. గాలి గట్టిగా వీస్తే బాత్రూములో దూరేది. రాత్రి పదిన్నర అయ్యేసరికి లేచి గేటు దగ్గరికి వెళ్లి నిలబడేది. లోపలికి లాగితే మొరిగేది. వీధిలో వాళ్లు రెండుసార్లు వచ్చి అడిగారు. నాకు కోపం వచ్చింది. కోపం కంటే ఎక్కువగా, అవమానం. నిన్ను అక్కణ్నుంచి విడిపించి తెచ్చింది ఎవరు? నీకు కోడిగుడ్డు పెడుతున్నది ఎవరు? కృతజ్ఞత ఏదీ? ఇదీ నా లోపలి మాట. అరణ్యంలో నలభై ఏళ్లు మన్నా తింటూ సణిగిన జనాంగం గురించి ఎన్నోసార్లు తీవ్రంగా మాట్లాడిన మనిషిని నేను. నా సొంత సణుగుడు నాకు వినబడలేదు.

క్రిస్మస్ రోజు మధ్యాహ్నం అది నన్ను కరిచింది. తప్పు నాదే. బల్ల మీదనుంచి కేకు ముక్క ఒకటి కింద పడింది. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకు పడవు, కిడ్నీలు దెబ్బతింటాయి. ఆ సంగతి తెలుసు కాబట్టి గబుక్కున వంగి దాని నోటి ముందునుంచి లాక్కోబోయాను. కుడి చెయ్యి, బొటనవేలు కింద, రెండు పళ్లు దిగాయి. (పండక్కి కేకులు చేసుకునే ఇళ్లవారు ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి. చాక్లెట్, ఉల్లిపాయ కూడా కుక్కలకు విషమే. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి.) చెయ్యి కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లాం. జిమ్మీకి రేబిస్ టీకా షెల్టరులోనే వేశారు. అయినా రక్తం వచ్చిన గాయం కనుక డాక్టరు ఉపేక్షించలేదు. గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ ఇంజక్షన్లు ఇచ్చి, టీకా మొదలుపెట్టారు. ఆ రోజు ఒకటి, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండమన్నారు.

అక్కడ నా పక్క బెంచీ మీద ఏడెనిమిదేళ్ల పిల్లవాడితో ఒక తల్లి కూర్చుని ఉంది. వీధికుక్క పిక్క పట్టింది. ఎప్పుడమ్మా అంటే మూడు రోజులైందంది. ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా అని అడిగితే, నా చేతిలో ఉన్న బైబిలు చూసిందో ఏమో, ‘‘నూనె రాసి ప్రార్థన చేయించాం అయ్యా, పచ్చిమిరపకాయ నూరి కట్టాం’’ అంది. నా నోట మాట రాలేదు. డాక్టరు ఆమెను కోప్పడకుండా పిల్లవాడికి వైద్యం మొదలుపెట్టారు. అది దేవుని కృపే. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడమన్నది దాదాపు లేదు. అవి బయటపడకముందు టీకా పూర్తిగా వేయించుకుంటే బతికి బయటపడతాం. 1885 జూలైలో లూయీ పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి ఆ టీకా వేయించి బతికించాడు. అప్పటినుంచీ మనకు ఈ దారి తెరిచే ఉంది. హిజ్కియా రాజు ప్రార్థిస్తే దేవుడు ఆయుష్షు పెంచాడు, యెషయా ప్రవక్త మాత్రం ఆ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. ప్రార్థన చేయండి, ఆటోలో ఆసుపత్రికి వెళ్తూ చేయండి! మన సంఘాల్లో కాపరులు సంవత్సరానికి ఒకసారైనా ఈ మాట ప్రసంగ వేదిక మీదనుంచి చెప్పాలని నా విన్నపం.

ఇంటికొచ్చాక మా ఆవిడ ‘‘ఏవండీ, రేపే దాన్ని తిరిగి ఇచ్చేద్దాం’’ అంది. నేనూ సరేనన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెయ్యి సలుపుతోంది. సంఖ్యాకాండం 22వ అధ్యాయంలోని బిలాము గాడిద గుర్తొచ్చింది. దారి తప్పిందని ఒకసారి, గోడకు ఒరుసుకుందని మరోసారి, కూలబడిందని ఇంకోసారి బిలాము దాన్ని చావబాదాడు. దానికి కత్తి దూసి నిలబడ్డ దూత కనబడ్డాడు, ప్రవక్తకు కనబడలేదు. ఆఖరికి దాని నోరు తెరిపించి దేవుడు అడిగించింది కూడా అదే కదా: ఇన్నేళ్లుగా నన్ను ఎక్కి తిరుగుతున్నావు, ఎప్పుడైనా నీతో ఇలా ప్రవర్తించానా అని. దానికి బిలాము దగ్గర లేదు అన్న ఒక్క మాట తప్ప జవాబు లేదు. జిమ్మీకి ఏమి కనబడుతోంది? నాకు కనబడనిది దానికేమి కనబడుతోంది? ఈ ప్రశ్న నేను ఆరు వారాల్లో ఒక్కసారీ వేసుకోలేదు. అది చేస్తున్నది మాత్రమే చూశాను.

పది రోజుల గడువు ఎలాగూ ఉంది కనుక తిరిగి ఇవ్వడం వాయిదా వేశాం. డిసెంబరు 31 రాత్రి అర్ధరాత్రి ఆరాధనకు మా ఆవిడ ఒక్కతే వెళ్లింది. పన్నెండు కాగానే హార్బరులో ఓడలన్నీ హారన్లు మోగిస్తాయి, ఊరంతా టపాసులు. సంఘ పెద్దనై ఉండి, ఎన్నో ఏళ్లలో మొదటిసారి ఆరాధనకు వెళ్లకుండా బాత్రూము గుమ్మంలో కూర్చున్నాను. లోపల అది వణుకుతోంది. దాని మీద చెయ్యి వేసే ధైర్యం నాకు లేదు. అక్కడే కూర్చుని కీర్తనలు మెల్లగా చదువుకున్నాను. ఒంటిగంటకు అది బయటికి వచ్చి, నాకు జానెడు దూరంలో పడుకుంది. అంతే. మర్నాడు ఏడో రోజు టీకాకు వెళ్లాను.

తర్వాత పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే అసలు సంగతి బయటపడింది. రెండు పళ్లు పుచ్చి చీము పట్టాయి. వెనక కాళ్ల కీళ్లు అరిగిపోయాయి. తినేటప్పుడు నొప్పి, లేచేటప్పుడు నొప్పి, ఎవరైనా హఠాత్తుగా దగ్గరికి వస్తే తప్పించుకోలేనన్న భయం. ముసలి కుక్క ఉన్నట్టుండి కోపిష్టిగా మారితే ముందు చూడాల్సింది దాని బుద్ధిని కాదు, ఒంటిని అన్నాడా డాక్టరు. పళ్లు, కీళ్లు, చెవులు, కళ్లు. చెవుడు వచ్చిన కుక్క నిద్రలో తాకితే ఉలిక్కిపడి కరుస్తుంది. చూపు తగ్గినది చీకట్లో మనల్నే పోల్చుకోలేదు. కొన్నింటికి మనుషులకు వచ్చినట్టే మతిమరుపు కూడా వస్తుందట, రాత్రిళ్లు తిరుగుతాయి, గోడల్ని చూస్తూ నిలబడతాయి. మెఫీబోషెతు కుంటితనం కూడా పుట్టుకతో వచ్చింది కాదు. అయిదేళ్ల వయసులో దాది భయంతో ఎత్తుకుని పరుగెత్తుతుంటే పడిపోయాడు. ఎవరి భయమో ఇతని కాళ్లలో మిగిలిపోయింది.

గుర్రుమంటే కొట్టవద్దన్నది ఆ డాక్టరు చెప్పిన రెండో మాట. గుర్రుమనడం దాని హెచ్చరిక. ఆ హెచ్చరికను దెబ్బలతో మాన్పిస్తే భయం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. అప్పుడిక చెప్పకుండా కరుస్తుంది. గిన్నె దగ్గర ఏం చేయాలో ఆయనే నేర్పాడు. అది తింటుండగా ఆరడుగుల దూరంలో నడుస్తూ ఉడికిన గుడ్డు ముక్క ఒకటి గిన్నె వైపు విసరాలి, ఆగకుండా వెళ్లిపోవాలి. మనిషి వస్తే ఉన్నది పోదు, ఇంకొకటి వస్తుంది అని దానికి తెలియాలి. వారానికి అడుగు చొప్పున దగ్గరవ్వాలి. తొందరపడితే మళ్లీ మొదటికే. నాకు నాలుగు నెలలు పట్టింది. షెల్టర్ల వాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతుంటారు, కొత్త ఇంట్లో కుక్క బెరుకు పోవడానికి, అలవాటు పడడానికి, నాది అనుకోవడానికి. ముసలివాటికి ఆ లెక్క చాలదు. ప్రార్థనలో ఓర్పు అడిగేవాళ్లం, ఓర్పు అనేది ఉడికిన గుడ్డు ముక్కల రూపంలో వస్తుందని ఎవరనుకుంటాం!

సంఘంలో మాటలు రాకపోలేదు. ‘‘జిమ్మీకి నెలకు ఎంతవుతోంది బ్రదర్? ఆ డబ్బుతో ఒక పిల్లకు స్కూలు ఫీజు కట్టొచ్చు కదా’’ అంది మా సంఘంలో ఒక అక్క. మందులూ తిండీ కలిపి రెండున్నర వేలు అవుతోందని చెప్పాను. పైకి నవ్వాను, లోపల మాత్రం ఆమెను ఇస్కరియోతు యూదా పక్కన నిలబెట్టాను. మూడు వందల దేనారాల అత్తరు అమ్మి బీదలకు ఇవ్వొచ్చు కదా అన్నాడే, ఆ మాటే ఇది అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆమె నిజంగానే ఇద్దరు పిల్లలకు ఫీజు కడుతోంది. నేను ఎవరికీ కట్టడం లేదు! సిగ్గుపడ్డాను. ఆ జూన్ నుంచి ఒక అబ్బాయికి కడుతున్నాను. కుక్కా, పిల్లవాడా అన్న తాసు పట్టుకుని కూర్చునేవాళ్లలో ఎక్కువమంది రెండింటికీ ఏమీ ఇవ్వరు. నేను కూడా ఆ జాబితాలోనే ఉండేవాణ్ణి.

జంతువులకు ఆత్మ లేదు కదా, వాటికోసం ఇంత దేనికి అని ఇంకొందరు. ఈ వాదన పాతదే. 1824లో లండనులో జంతుహింసను అడ్డుకునే మొట్టమొదటి సొసైటీని మొదలుపెట్టడంలో ముందు నిలిచినవాడు ఆర్థర్ బ్రూమ్ అనే పాదిరి. బానిస వ్యాపారం మీద పోరాడిన విల్బర్‌ఫోర్స్ కూడా ఆ తొలి సమావేశంలో ఉన్నాడు. ఆ సొసైటీ అప్పులు తన మెడకు చుట్టుకుని బ్రూమ్ 1826లో జైలుకు కూడా వెళ్లాడు. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ, రోమా పత్రిక 8వ అధ్యాయంలో మూలుగుతున్న సృష్టిని గురించి ఒక ప్రసంగమే చేశాడు, రాబోయే విడుదలలో పశువులకూ పాలుందని. అందరూ దాన్ని ఒప్పుకోవాలని నేను అనను. కానీ యోనా గ్రంథం ఎలా ముగుస్తుందో చూడండి. నీనెవెను ఎందుకు కాపాడానో చెబుతూ దేవుడు లక్షా ఇరవై వేలమంది మనుషుల తర్వాత పశువులను కూడా లెక్కలో వేశాడు. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని పట్టించుకుంటాడని సామెతల గ్రంథం 12వ అధ్యాయంలో చదువుతాం. లాజరు కురుపులు నాకినవి ఎవరు? ధనవంతుడి ఇంట్లోవాళ్లు కాదు కదా.

అలాగని వీధికుక్కల బెడదను నేను తేలిక చేయడం లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి వీధికుక్కలు చంపేసిన దృశ్యం చూసినవాడెవడూ తేలిక చేయలేడు. కరిచిన కుక్కను వెనకేసుకొచ్చి, కరిపించుకున్న బీదవాడి పిల్లనే తప్పుపట్టే జంతుప్రేమ నాకు గిట్టదు. అయితే చంపడం వల్ల కుక్కలు తగ్గవన్నది మన మున్సిపాలిటీలు దశాబ్దాలు చంపి చూసి నేర్చుకున్న పాఠం. ఆపరేషను చేసి, టీకా వేసి, చెవి కొసను గుర్తుగా కత్తిరించి వదలడమన్నది 2001 నిబంధనలతో దేశమంతటా వచ్చింది, 2023లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. మన ఊళ్లో 1996లో మొదలైన విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ లాంటి సంస్థలు ఆ పనిలో చెమటోడ్చాయి. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించమన్న సుప్రీంకోర్టు, ఆగస్టు 22న ఆ ఆజ్ఞను సవరించి, రేబిస్ ఉన్నవీ, మీద పడే స్వభావం ఉన్నవీ తప్ప మిగతావాటిని టీకాలు వేశాక ఉన్నచోటే వదలమంది. దత్తత తీసుకుంటామన్నవారికి దారి కూడా చూపింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి పట్టిన కుక్కలను మాత్రం షెల్టర్లలోనే ఉంచమంది. అంటే ఏమిటి? షెల్టర్లు నిండుతాయి. పిల్లలను ఎవరో ఒకరు తీసుకెళ్తారు. ముసలివీ, కోపిష్టివీ అక్కడే మిగులుతాయి.

ఇంకోవైపు మన విశ్వాసుల ఇళ్లలోనే చూస్తున్నాను. మంచుదేశపు హస్కీని వేలు పోసి కొని, మన సముద్రపు ఉక్కలో ఏసీ గదిలో పెట్టి, ఫొటోలు దిగి, రెండేళ్లకు ‘‘చూసుకోలేకపోతున్నాం’’ అంటారు. దత్తపుత్రాత్మను పొందామని ఆదివారం పాడేవాళ్లం, మనల్ని ఎంచుకున్నవాడు మన జాతి చూసి, వయసు చూసి, నెమ్మది చూసి ఎంచుకున్నాడా?

ఇదంతా చదివి రేపే షెల్టరుకు బయల్దేరకండి. ఇంట్లో పాకే పిల్లలుంటే కరిచే అలవాటున్న కుక్కను తేవద్దు, అది దయ కాదు, తెగింపు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లి పదిగంటలు తాళం వేసే ఇల్లయితే వద్దు. అద్దె ఇంటివాళ్లు ముందు ఓనరును అడగండి. మాలాగా పిల్లలు ఎగిరిపోయి, కాళ్లింకా ఆడుతున్న రిటైరైనవాళ్లు ఆలోచించండి. తెచ్చేముందు నాలుగైదుసార్లు వెళ్లి దాని పక్కన ఊరికే కూర్చోండి. దాని గురించి షెల్టరువాళ్లు చెప్పే చెడంతా చెప్పించుకోండి. మాకు ఆ అమ్మాయి ముందే చెప్పింది, వినలేదు. మనం పోయాక దాన్ని ఎవరు చూస్తారో ఇప్పుడే కాగితం మీద రాయండి. మేం రాశాం, మా చిన్నమ్మాయి సంతకం పెట్టింది.

జిమ్మీకి ఇప్పుడు పదకొండు దాటాయి. కుడికన్ను మసకబారింది. చీపురంటే భయం పోలేదు, మా ఆవిడే అది నిద్రపోయేదాకా ఆగి ఊడుస్తోంది. గిన్నె దగ్గర నన్ను రానిస్తుంది, వేరేవాళ్లను రానివ్వదు. చుట్టాలొస్తే లోపలి గదిలో పెడతాం. రాత్రి పదిన్నరకు ఇంకా లేస్తుంది. ఇప్పుడు నేను లోపలికి లాగడం లేదు. గేటు దగ్గర దీపం వేసి ఉంచుతాం. తిరిగి ఇచ్చేద్దామన్న మా ఆవిడే కీళ్ల మాత్రను గుడ్డులో పెట్టి తెచ్చి, మెట్టు మీద కూర్చుంటుంది. అది రోడ్డు వంక చూస్తూ పావుగంట నిలబడి, తనంతట తానే తిరిగి వచ్చి ఆ గుడ్డు తిని పడుకుంటుంది.